నర్సులు నింపని గడులు

చేతిరేఖలు చూసి భవిష్యత్తు చెప్పేవాళ్లను నేను ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి నిలదీశాను. బాణామతి పట్టిందన్న చోటికల్లా వెళ్లి, రచ్చబండల మీద వాదించి, రాళ్లు కూడా తిన్నాను. అలాంటి నాకు మధ్యాహ్నం రెండు గంటలకు జ్వరం ఎంత ఉండబోతోందో ఒకరు పొద్దున పదకొండుకే కాగితం మీద రాసిపెట్టారు. రాసింది నా సొంత మేనకోడలు.

ఇది పాలమూరు వైపు ఒక పెద్ద సర్కారు దవాఖానలో జరిగింది. ఏ ఊరిదో చెప్పను. చెబితే తప్పంతా ఆ ఊరి నెత్తిన పడుతుంది. అది ఒక్క ఊరి తప్పు కాదు. తెలంగాణ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. నేను టైఫాయిడ్‌తో మగవాళ్ల వార్డులో పడి ఉన్నాను. హైదరాబాద్ పొమ్మని స్నేహితులు చెప్పారు. సర్కారు దవాఖానలు మనవే, మనం పోకపోతే అవి బాగుపడవని సభల్లో చెప్పినవాణ్ణి, నాకు జ్వరం రాగానే ప్రైవేటు దవాఖాన మెట్లెక్కితే ఏం బాగుంటుంది?

ఆ వార్డులోనే నా మేనకోడలు కాంట్రాక్టు మీద స్టాఫ్ నర్సుగా పనిచేసేది. మా చెల్లె, బావ కోస్గి దగ్గరి పల్లెలో గొర్రెలు కాచుకుంటూ, వానకు పండే నాలుగు ఎకరాలు చేసుకుంటూ ఈ పిల్లను నర్సింగ్ చదివించారు. వాళ్ల ఇంట్లో నెల జీతం తెలిసిన మొదటి మనిషి ఆమె. జీతమంటే కాంట్రాక్టు జీతం. ఏజెన్సీ చేతుల మీదుగా వచ్చేది, ఒక్కోసారి మూడు నెలలకు కూడా వచ్చేది కాదు. అదే బల్ల దగ్గర కూర్చుని అదే పని చేసే పర్మనెంటు నర్సుకు వచ్చే జీతంలో సగం కూడా ఉండేది కాదు. ఏటేటా కాంట్రాక్టు ముగిసే నెలాఖరున ఒక జాబితా వచ్చేది. అందులో పేరుంటే నౌకరి ఉన్నట్టు.

మంచం కాళ్ల దగ్గర తగిలించే అట్టను ఆ రోజు ఏమీ తోచక చేతిలోకి తీసుకున్నాను. నాలుగు గంటలకోసారి జ్వరం, నాడి, ఊపిరి చూసి రాయడానికి అందులో గడులుంటాయి. ఆరు గంటల గడిలో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. పది గంటల గడిలో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. ఇంకా రాని రెండు గంటల గడిలోనూ అదే. పది గంటలప్పుడు నేను దుప్పటి కింద వణుకుతున్నాను. నా చంకలో ఎవరూ థర్మామీటరు పెట్టలేదు.

మేనకోడలు అటుగా రాగానే అట్ట చూపించాను.

"ఏంది బిడ్డా ఇది? రెండు గంటలకు నాకెంత జ్వరం ఉంటదో నీకు గిప్పుడే ఎట్ల తెలిసె?"

ఆమె సెలైన్ సీసా మారుస్తోంది. తల తిప్పలేదు. "అంచనా మామా."

"పదింటికి నేను వణుకుతున్న. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగని రాసినవు."

"ఇంకెంత రాయాలె? తొంభై ఆరు రాస్తే ఎందుకు తగ్గిందంటరు. నూట రెండు రాస్తే ఏం మందిచ్చినవంటరు. గిది రాస్తే ఎవ్వరేమనరు. మస్తు మంచి నంబరు."

"ఇది మోసం."

"అవ్ మామా, మోసమే. జర చెయ్యి చాపు, సూది ఎయ్యాలె."

పక్క మంచం ముసలాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మంత్రగాళ్లనైతే ఊరందరి ముందు నిలబెట్టి అడిగాను. సొంత చెల్లె బిడ్డ సర్కారు కాగితం మీద అబద్ధం రాస్తుంటే చెయ్యి చాపి పడుకున్నాను. ఇంటికి వెళ్లాక దీని మీద ఒక వ్యాసం రాయాలని అక్కడే నిశ్చయించుకున్నాను. శీర్షిక కూడా కుదిరింది.

ఆ వ్యాసం నేను రాయలేదు. మర్నాడు జ్వరం కొంచెం దిగింది. దిండు గోడకు ఆనించుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వార్డును చూశాను. మంచాలు నలభై. మనుషులు అరవైకి పైనే. కొన్ని మంచాల మీద ఇద్దరు, మిగిలినవాళ్లు కింద చాపల మీద. నర్సులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకామె మందుల గదికి ఇండెంటు చీటీ పట్టుకుని వెళితే గంట దాకా రాదు. అంటే ఒక్కతే.

నా మేనకోడలు అంటుకునే ప్లాస్టరును పొద్దున్నే ముక్కలుగా చించి ఎడమ ముంజేతికి వరుసగా అంటించుకుంది. సూది గుచ్చినప్పుడల్లా ఒక్కో ముక్క ఊడదీసి వాడేది. కత్తెర వెతుక్కునే సమయం ఉండదు. అరచేతిలో పెన్నుతో మంచాల నంబర్లు రాసుకునేది. ఆమె నీళ్ల సీసా బల్ల మీద మూత తీయకుండా అలాగే ఉంది. ఎందుకు తాగలేదని అడిగాను.

"తాగితే బాత్రూంకు పోవాలె. నేను పోతే ఈడ ఎవరుంటరు మామా, నువ్వుంటవా?"

అప్పుడు ముందురోజు పది గంటలకు ఏం జరిగిందో గుర్తొచ్చింది. పక్క మంచం ముసలాయన కూడా గొర్రెల కాపరే. ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఆ సమయానికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఈ పిల్ల ఆయన్ను కూర్చోబెట్టి, ఆక్సిజన్ గొట్టం సరిచేసి, వీపు నిమురుతూ, డాక్టరు వచ్చేదాకా ముప్పావు గంట అక్కణ్ణుంచి కదల్లేదు. నేను అది చూశాను. దుప్పట్లోంచి చూస్తూనే ఉన్నాను. సాక్ష్యం గురించి పుస్తకాల కొద్దీ రాసినవాణ్ణి. రెండడుగుల దూరంలో ఉన్న సాక్ష్యాన్ని వదిలి కాగితం పట్టుకున్నాను.

నన్ను ఇంటికి పంపే రోజు ఆమె రెండు నిమిషాలు నా మంచం అంచున కూర్చుని డబ్బాలోంచి చల్లబడ్డ అటుకులు తింది. సగం తిని ఆపింది.

"మామా, ఒకటి చెప్తా, అమ్మతోటి అనకు. ఎవరన్న పోతే ముందుగాల మంచం ఖాళీ అయిందనిపిస్తాంది. గా తర్వాత దుఃఖం వస్తుండె. ఈ మధ్యల గా తర్వాతది వస్తలేదు."

మనిషిలో ఏదో అరిగిపోతోందని ఆ మనిషికే తెలుస్తున్నప్పుడు వినేవాడు చేయగలిగింది తక్కువ. డబ్బా మూత పెట్టి ఆమె లేచి వెళ్లింది. మూడో మంచం వాళ్లు అప్పటికే రెండుసార్లు పిలిచారు.

ఇక్కడ నా పాత కోపం ఒకటి చెప్పుకోవాలి. ఏడాదికి ఒకరోజు నాయకులు వచ్చి ఈ పిల్లలకు శాలువాలు కప్పుతారు. తల్లులంటారు, దేవతలంటారు. మహమ్మారి రోజుల్లో పళ్లాలు మోగించారు. ఒకరిని దేవతను చేయడమంటే ఆమెకు ఆకలి లేదని, నిద్ర అక్కర్లేదని, కిరాయి కట్టే ఇల్లు లేదని ముందే తీర్మానించుకోవడం. రాళ్లను దేవుళ్లను చేస్తే నేను వాదించాను. బతికున్న ఆడవాళ్లను దేవతలను చేస్తే ఇంకా గట్టిగా వాదించాలి. రాయికి కనీసం ఆ పిలుపు వల్ల నష్టం లేదు.

పదిరోజుల తర్వాత నర్సుల యూనియన్ నన్ను పిలిచింది. దవాఖాన వెనక సైకిల్ స్టాండ్ రేకుల కింద, డ్యూటీ దిగినవాళ్లూ ఎక్కబోయేవాళ్లూ కలిసే పావుగంటలో సమావేశం. యూనియన్ పెద్దను అందరూ పెద్దక్క అనేవారు. చిట్యాల దగ్గరి మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు, మరో ఏడాదిలో రిటైరు కావాలి. మోకాళ్లు అరిగిపోయి కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. వినతిపత్రం రాసి పెట్టమని ఆమే అడిగింది. నేను శ్రమ చరిత్ర మొత్తం కలిపి ఎనిమిది పేజీలు రాసి తెచ్చాను. పెద్దక్క మొదటి పేజీ చదివి, మిగిలినవి లెక్కపెట్టింది.

"సార్, మస్తు రాసిర్రు. గిదంత చదివే తీరిక మాకే ఉంటే ఈ కొట్లాట ఎందుకు?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వక తప్పలేదు. తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. పోయిన ఏడు వాళ్లు ఇలాగే ఒక పత్రం ఇచ్చారు. నర్సులు చాలడం లేదు, కొత్త పోస్టులు ఇవ్వండి, కాంట్రాక్టు వాళ్లకు సమాన జీతం ఇవ్వండి అని. పై ఆఫీసు జవాబుకు బదులు చార్టులు తెప్పించుకుంది. ప్రతి రోగిని ప్రతి నాలుగు గంటలకూ చూసినట్టు ఉంది. ఒక్క గడి ఖాళీ లేదు. పని ఇంత చక్కగా జరుగుతుంటే మనుషులు ఎక్కడ తక్కువయ్యారని అడిగారట.

"మన చేతి రాతనే మన మీద సాక్ష్యం చెప్పింది సార్," అంది పెద్దక్క.

అప్పుడు వెనక నుంచి నా మేనకోడలు మాట్లాడింది. "అయితే నింపొద్దు. చూసినకాడ రాద్దాం. చూడనికాడ ఇడిసిపెడదాం. సమ్మె వద్దు, సమ్మె చేస్తే సచ్చేది మన ఊర్లోళ్లే. పని గింత గూడ తగ్గించొద్దు. అబద్ధం ఒక్కటి బంద్ చేద్దాం."

ఇంకో కాంట్రాక్టు పిల్ల గట్టిగా అడిగింది. "నెలాఖరుకు లిస్టు వస్తది. ఖాళీ చార్టు పట్టుకొని నీ పేరు కొట్టేస్తే? మీ మామ ఇస్తడా జీతం?"

ఊరూరా తిరిగి ధైర్యం చెప్పినవాణ్ణి, నేను అప్పుడు లేచి అన్న మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "లిస్టు వచ్చేదాక ఆగుదం బిడ్డా. పేరు వచ్చినంక మొదలుపెట్టొచ్చు."

మేనకోడలు నా వైపు చూసింది. "లిస్టు ఏటేట వస్తది మామా. గట్లయితే ఎన్నడు మొదలువెట్టాలె? చూసిందే చెప్పుమని ఊర్లల్ల నువ్వే చెప్పినవట గదా. మా ఊరికొస్తె నువ్వు రాళ్లు తిన్నవని అమ్మ చెప్తది. నాకు మాత్రం ఆగుమంటున్నవు."

నిజం చెప్పే ధైర్యం నాకు చవగ్గా దొరికిందని అప్పుడర్థమైంది. నా నౌకరిని ఎవరూ ఏటేటా జాబితాలో వెతకలేదు.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తారు. ఎత్తినవాళ్లు కొంచెం ఎక్కువ. మర్నాటి నుంచి ఆ మగవాళ్ల వార్డులోనూ మరో రెండు వార్డుల్లోనూ చార్టుల్లో ఖాళీ గడులు కనిపించసాగాయి. ప్రతి షిఫ్టు చివర అడుగున ఒక్క వరుస: ఎందరు నర్సులు, ఎందరు రోగులు. అంతే.

ఆ వారంలోనే నేను రక్తపరీక్షకు మళ్లీ వెళ్లాను. మేనకోడలికి చెప్పిపోదామని వార్డులోకి తొంగి చూసేసరికి ఒక రైతు అట్ట పట్టుకుని ఆమె మీద కేకలేస్తున్నాడు.

"మా నాయిన కాగితం మీద ఏం రాయలే! అందరిది రాస్తరు, మా నాయిన మనిషి గాడా?"

"అందరిది గట్లనే ఉంది అన్నా, చూడు. నేనొక్కదాన్నే ఉన్న. పొద్దుగాల మీ నాయిన దగ్గరికి నేను రాలే. రాలేదు కాబట్టి రాయలే. వచ్చినట్టు రాయమంటవా?"

ఆయన నాలుగు మంచాల అట్టలు తిప్పి చూశాడు. నోరు తగ్గింది. "ఇంతకుముందు గూడ రాకపోతుంటిరా?"

"రాకపోతుంటిమి. రాస్తుంటిమి."

"సూపరింటెండెంటు సాబ్ గది ఎటుదిక్కు?" అన్నాడాయన. అట్ట చేతిలోనే పట్టుకుని వెళ్లాడు. ఆయన వెనక మరో ఇద్దరు ముగ్గురు కదిలారు. యూనియన్ ఇన్నేళ్లుగా చెప్పలేకపోయిన సంగతి ఆ ఖాళీ గడులు చదువురాని మనిషికి కూడా చెప్పాయి.

రెండో వారం మెమోలు వచ్చాయి. రికార్డుల నిర్వహణలో నిర్లక్ష్యం అన్నది ఆరోపణ. పర్మనెంటు వాళ్ల జోలికి పోలేదు. ముగ్గురు కాంట్రాక్టు నర్సులకు ఇచ్చారు. మొదటి పేరు నా మేనకోడలిది. ఏళ్ల తరబడి అబద్ధం రాసినప్పుడు నిర్లక్ష్యం కనపడలేదు. నిజం మొదలుపెట్టిన పన్నెండో రోజున కనపడింది.

విచారణలో ఆ వార్డు రోగులు కూడా వాంగ్మూలం ఇవ్వొచ్చని చెప్పారు. పెద్దక్క నన్ను రమ్మంది. మేనకోడలు ఫోన్ చేసి ఒకటే మాట అంది. "ఉన్నది చెప్పు మామా. సగం చెప్తే ఊకోను."

బస్సులో కూర్చుని సగమే తయారుచేసుకున్నాను. ఆమె క్షణం తీరిక లేకుండా పనిచేసేది అని చెబుతాను. అది నిజమే. నీళ్లు తాగేది కాదని చెబుతాను. అదీ నిజమే. నింపిన గడుల సంగతి అడిగితే తప్ప ఎత్తను. అబద్ధమాడకుండా మోసం చేయడం రాతగాళ్లకు బాగా తెలిసిన విద్య.

విచారణాధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. నా మేనకోడలు, పెద్దక్క గోడవైపు నిలబడ్డారు. ఆయన నా పాత చార్టు ముందు పెట్టుకున్నాడు.

"చూడండి, మీరున్నప్పటి కాగితం. ఒక్క గడి ఖాళీ లేదు. ఇదే అమ్మాయి రాసింది. అంటే అప్పుడు చేయగలిగిన పని ఇప్పుడు కావాలని మానేసింది. అంతే కదా?"

బస్సులో తయారుచేసుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నతో పనికిరాకుండా పోయింది. అవునంటే ఆమె పనిదొంగ. కాదంటే ఆమె దొంగ రాతలు రాసింది. ఎటు చెప్పినా జాబితాలో ఆమె పేరు ఉండడం నా నాలుక మీద ఉంది. మేనకోడలి వైపు చూశాను. ఆమె చూపు తిప్పుకోలేదు.

"కాదు సార్," అన్నాను. "ఆ గడుల్లో ఉన్నది నా జ్వరం కాదు. పదకొండు గంటలకు నేను ఈ కాగితం చూశాను. రెండు గంటల గడి అప్పటికే నిండి ఉంది."

"అంటే తప్పుడు రికార్డు రాసిందంటున్నారు."

"రాసింది."

"మీరు ఈమెకు మేనమామ అట."

"సొంత మేనమామను. అబద్ధం చెప్పాలనుకుంటే ఆమెకు పనికొచ్చేదే చెప్పేవాణ్ణి కదా."

పది గంటలప్పుడు ఆమె ఎక్కడుందో చెప్పాను. పక్క మంచం, నల్లబడ్డ పెదాలు, ముప్పావు గంట. ఆ ముసలాయన నాకంటే రెండు రోజులు ముందే తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడని చెప్పాను. "అప్పుడు నింపినవి అబద్ధం. ఇప్పుడు వదిలినవి నిజం. మీరు మెమో ఇచ్చింది ఆ నిజానికే."

ఆయన పెన్ను ఆగింది. "చివరి మాట రాయను," అన్నాడు.

"అది రాయకుంటె ఇది రాయండి సార్," అంది పెద్దక్క. "ముప్పై ఏండ్లల్ల నేను నింపినయి గూడ అసుంటియే. ఈ పిల్లలకు నేర్పింది నేనే. నా పేరు గూడ ఎక్కియ్యండి."

"అమ్మా, మీకు పెన్షన్ దగ్గరపడింది. ఆలోచించుకోండి."

"కూసుండి ఆలోచించే నౌకరి కాదు సార్ మాది."

ఆ మధ్యాహ్నం ఇంకో నలుగురు పర్మనెంటు నర్సులు వచ్చి తామూ అలాగే రాశామని సంతకాలు చేశారు. అందరూ రాలేదు. రానివాళ్లను నేను తప్పుపట్టను. ఇళ్లలో ఎవరి పరిస్థితి ఏమిటో నాకు తెలియదు.

నెలాఖరు దాటింది. జాబితా రాలేదు. మా చెల్లె రోజూ ఫోన్ చేసేది. "అన్నా, పోరి ఏమంటలేదు. నౌకరి ఉన్నదా, పోయిందా? పోతె పోయిందని చెప్పు, గొర్లున్నయి, బతుకుతం." ఆ నౌకరి పోతే దానికి కారణం నా నోటి మాట అని ఆమెకు నేనింకా చెప్పలేదు. మూడో రోజు చెప్పాను. "లేనిది చెప్పినవా, ఉన్నది చెప్పినవా?" అని అడిగింది. ఉన్నదే చెప్పానన్నాను. "ఇగ చేసేదేముంది," అని పెట్టేసింది. వారం దాకా నాతో మాట్లాడలేదు.

పన్నెండు రోజులు ఆలస్యంగా జాబితా వచ్చింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. కాంట్రాక్టు ఎప్పుడూ ఏడాదికి ఇచ్చేది, వీళ్లకు మాత్రం ఆరు నెలలకే ఇచ్చారు. శిక్ష అనలేదు. కారణం రాయలేదు. వార్డుకు మాత్రం మరో ఇద్దరు నర్సులను పంపారు. నేను సంతోషం పట్టలేక స్వీట్లు తీసుకుని వెళ్లాను. మేనకోడలు డబ్బా తీసుకుంది గానీ ముఖంలో ఆ సంతోషం లేదు.

"గా ఇద్దరు ఎక్కడోళ్లో ఎర్కేనా మామా? కొత్తోళ్లు కాదు. పల్లె సెంటర్ల నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చిర్రు. ఒకామెది మా ఊరి దిక్కు సెంటరే. ఆడ అవ్వలకు బీపీ చూసేది గామెనే. ఇప్పుడు గా సెంటర్ల ఎవ్వరు లేరు."

నా కోపం మళ్లీ లేచింది. దీని మీద ఇంకో పెద్ద వినతిపత్రం రాస్తానన్నాను.

"నువ్వు జర ఆగు మామా," అంది. "ఈసారి నేను రాసిన."

చూపించింది. అరపేజీ. వచ్చిన ఇద్దరినీ వాళ్ల సెంటర్లకు తిరిగి పంపాలని, వార్డుకు కొత్తవాళ్లను నియమించాలని, అప్పటిదాకా చార్టుల్లో చూసినదే రాస్తామని. వార్డులో తనకు దొరికిన కాస్త ఊపిరిని తానే వెనక్కి ఇమ్మంటోంది. ఒక్క విశేషణం లేదు. నేను దిద్దడానికి పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

కింద సంతకాలకు గీతలు గీసి ఉన్నాయి. మొదటి గీత మీద ఆమె పేరు, పేరు పక్కన కాంట్రాక్టు అని హోదా. ఆరు నెలల్లో అప్పటికి ఇరవై రోజులు గడిచాయి. కాగితం మడిచి, సాయంత్రం డ్యూటీకి వచ్చే పిల్లల సంతకాల కోసం ఆమె సైకిల్ స్టాండ్ వైపు నడిచింది.